అడుగు విప్పని బుట్ట

మేడ్చల్,
14 జూన్ 2025

చెల్లె జంగమ్మకు,

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనే. నువ్వూ గాలయ్య బావా ఎట్లా ఉన్నారు?

నీ ఉత్తరం అందింది. పోస్ట్‌మ్యాన్ కవరు నా చేతిలో పెడుతూ ఏదో అన్నాడు. పెదవుల తీరు చూస్తే "గీ జమానాల గూడ ఉత్తరాలేంది పెద్దమనిషీ" అన్నట్టుంది. నిజమే, మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు ఆటోలో అరగంట, ఉత్తరానికి నాలుగు రోజులు. నా చెవులు ఫోనుకు పనికొస్తే ఈ తిప్పలు ఉండేవి కావు. కీసర దగ్గర కంకర మిషను మీద ఇరవై ఆరేళ్లు పనిచేశాను, జీతంతో పాటు చెవుడు కూడా ఇచ్చి పంపారు. క్యాంపులో ఇచ్చిన చెవి మిషను పెట్టుకుంటే మళ్లీ ఆ కంకర మిషను పక్కనే నిలబడ్డట్టు ఉంటుంది. తీసి డబ్బాలో పెట్టాను.

ఊరికే కూర్చోకుండా చేతులకు ఏదైనా పని పెట్టుకో, ఖర్చు ఎక్కువ కానిది చూసుకో అని రాశావు. నీ మాట మీద రెండు పనులు మొదలుపెట్టాను. మేడ మీద పూలకుండీలు పెట్టాను. స్లాబు కారుతుందని ఇంటి ఓనరు జోగారావు తీయించాడు. తర్వాత పెన్సిలు, డ్రాయింగ్ బుక్కు కొని మీ వదినె బొమ్మ గీశాను. ముక్కు దాకా బాగానే వచ్చింది. కళ్లు పెట్టేసరికి జోగారావులా తయారైంది. చింపడానికి మనసు రాలేదు, గోడకు పెట్టడానికి నవ్వొచ్చింది. బియ్యం డబ్బా కింద పెట్టాను.

మీ వదినె దుర్గాబాయి పోయి వచ్చే దసరాకు రెండేళ్లు. ఆమె ఉన్నప్పుడు నాది సగం చెవుడే చెల్లె. ఎవరేమన్నా నా వైపు తిరిగి, పెదవులు మెల్లగా కదిపి మళ్లీ చెప్పేది. ఇప్పుడు పూర్తి చెవుడు. పొద్దున ఏడింటికి అన్నం వండుకుంటే ఇక రాత్రి దాకా పనేమీ ఉండదు.

కింది పోర్షన్‌లో ఉండే ఎల్లేష్ గోదాములో ప్యాకింగ్ పని చేస్తాడు. అట్టపెట్టెలకు బిగించే ప్లాస్టిక్ పట్టీలు, కోసి పారేసినవి, సంచి నిండా తెచ్చి నా గుమ్మంలో పెట్టాడు. పసుపు, నీలం, తెలుపు. దేనికి పనికొస్తాయో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. నీకేమైనా తోస్తే రాయి.

నీ అన్న,
పర్వతాలు

*

శామీర్‌పేట,
22 జూన్ 2025

అన్నా, జంగమ్మ దండాలు.

నీ ఉత్తరం చదివి జోగారావు కళ్ల దగ్గర చాలాసేపు నవ్వాను. మీ బావ మంచంలోంచి నా వైపే చూశాడు, ఎందుకు నవ్వుతున్నావని. చదివి వినిపించాను. ఆయనకు వినికిడి మంచిగానే ఉంది, పోయింది మాట. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒకే రోజు పోయాయి. వలలు అల్లిన చెయ్యి అది. చెరువు మీద నలభై ఏళ్లు గడిపినవాడు ఇప్పుడు కిటికీలోంచి రోడ్డు చూస్తాడు.

ఆయన మాట్లాడలేడు, నువ్వు వినలేవు. మధ్యలో నేను ఆపడం తెలియని రేడియోలాగా అయ్యాను. అంగన్‌వాడీ మానేసినప్పటి నుంచి పిల్లల గోల కూడా లేదు. మా బిడ్డ భవాని దుబ్బాక నుంచి రెండు నెలలకోసారి వచ్చి ఒక పూట ఉంటుంది. నీకు ఉత్తరం రాసే రోజే నాకు మనిషితో మాట్లాడినట్టు ఉంటుంది. కాబట్టి పోస్ట్‌మ్యాన్ ఏమన్నా పట్టించుకోకు.

పట్టీలకు ఒక ఉపాయం చెప్తాను. వదినె పెళ్లయిన కొత్తలో అల్లిన వైరు బుట్ట ఇంకా ఉందా? ఆకుపచ్చ, తెలుపు. నువ్వు అదే పట్టుకుని అంగడికి పోయేవాడివి. ఆ పట్టీలను బ్లేడుతో నిలువునా చీలిస్తే వైరంత సన్నగా వస్తాయి. బుట్టను ముందు పెట్టుకుని చూసి అల్లు. పైసా ఖర్చు లేదు. కంకర కొట్టిన చేతులకు ముడులు రావా?

పోయినేడు ఫిబ్రవరిలో బావను చూసిపోయావు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. నేను ఆయన్ను వదిలి కదలలేను. నువ్వు రావచ్చు కదా. నా రాత అర్థం కాకపోతే తిట్టకు. ఎడమచేతి రాత కోళ్లు గెలికినట్టు ఉంటుందని చిన్నప్పుడు నువ్వు ఎక్కిరించేవాడివి. ఇప్పుడూ అట్లాగే ఉంది.

నీ చెల్లె,
జంగమ్మ

*

మేడ్చల్,
5 జూలై 2025

చెల్లె జంగమ్మకు,

పోయిన పది రోజులు ఏ వారమో కూడా చూసుకోలేదు. ఇది మంచి మాటగానే రాస్తున్నాను.

బుట్ట ట్రంకు పెట్టెలోనే ఉంది. ముందు పెట్టుకుని రెండు రోజులు చూశాను. ముడి పైకి ఒక తీరు, లోపల ఇంకో తీరు. ఎల్లేష్ తన ఫోనులో ఒకావిడ అల్లుతున్న వీడియో పెట్టి ఇచ్చాడు. ఆమె చేతుల కంటే మాటలే ఎక్కువ. నాకు ఏం పనికొస్తుంది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందుకే మీ వదినెనే అడిగాను. పిడి దగ్గర మొదలుపెట్టి బుట్టను విప్పాను.

ఒక్కో ముడి విప్పడం, అది ఎట్లా పడిందో చూడడం, పట్టీతో అట్లాగే వేయడం. మొత్తం ముప్పై రెండు వరుసలు. వరుసకొక అడ్డ వైరు. కంకర లారీలకు నంబర్లు రాసినవాణ్ని కదా, ఏ వరుస వైరు ఆ వరుసకే చుట్టి నంబరు చీటీ కట్టాను. పదకొండో వరుసలో ఆమె ఒక ముడి తప్పు వేసింది. ముప్పై ఏళ్లకు పైగా ఆ బుట్ట మోశాను, ఏనాడూ కనబడలేదు. అది చూసినప్పుడు ఆమె పక్కన కూర్చుని నాలుక కరుచుకున్నట్టు అనిపించింది.

ఇప్పుడు నాకు గోడ అల్లడం వచ్చింది, పిడి కట్టడం వచ్చింది. రానిదల్లా మొదలు. బుట్ట అడుగు నుంచి మొదలవుతుంది, నేను పైనుంచి నేర్చుకుంటూ వచ్చాను. అడుగు ఒక్కటే మిగిలింది. నిలువు వైర్లు దానికి జుట్టు విరబోసినట్టు వేలాడుతున్నాయి. అడుగు కూడా విప్పితే మొదలెట్లాగో తెలుస్తుంది. విప్పితే ఇక బుట్ట లేదు. చెయ్యి ఆగిపోయింది.

చిన్నప్పుడు నువ్వు అల్లేదానివి కదా. మొదటి ముడులు ఎట్లా పడతాయో రాసి పంపు. విప్పిన వైర్లు స్ప్రింగుల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. వేడినీళ్లలో ముంచితే సాపవుతాయని, కొత్త బుట్టకు పనికొస్తాయని ఎల్లేష్ కాగితం మీద రాసి చూపించాడు. నీ దగ్గర్నుంచి మొదలు తెలియగానే ఆ పని చేస్తాను.

నీ అన్న,
పర్వతాలు

*

శామీర్‌పేట,
11 జూలై 2025

అన్నా,

చూసి అల్లమన్నాను గానీ విప్పమన్నానా? వదినె చేతితో చేసిన వస్తువు ఆ ఇంట్లో ఇంకేముంది? రాయకూడదు గానీ రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు అన్నం పోవడం లేదు.

అడుగు ముట్టుకోకు. మొదలు ఎట్లా వేయాలో వెనక బొమ్మలు గీశాను. ఆరు బొమ్మలు. వరుసగా చూడు, వస్తుంది.

జంగమ్మ

*

మేడ్చల్,
20 జూలై 2025

చెల్లె జంగమ్మకు,

నీ ఆరు బొమ్మలు ముందు పెట్టుకుని అయిదు రోజులు కూర్చున్నాను. నాలుగో బొమ్మ దాకా వస్తుంది. అయిదో దాంట్లో పట్టీ ఎటు నుంచి వచ్చిందో ఎటు పోయిందో నీకైనా తెలుసా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు అనుకోకు, నీ బొమ్మలోనే ఏదో తేడా ఉంది. పిచ్చుక గూడు లాంటివి నాలుగు తయారయ్యాయి.

నువ్వు తిట్టింది న్యాయమే. విప్పేటప్పుడు ఆమెతో మాట్లాడుతున్నట్టే ఉండింది, అందుకే ఆగలేదు. అయిపోయాక చూస్తే ఆమెను నా చేతులతోనే ఇంట్లోంచి పంపేసినట్టు ఉంది. ఇక మిగిలింది ఆ అడుగు. నీకు గుర్తుందో లేదో, ఎవరింటికి పోయినా బుట్ట తిరగేసి చూపించేవాణ్ని. "అడుగు సూడుండ్రి, నీళ్లు పోసినా కారయి" అనేవాణ్ని. ఆమె సిగ్గుపడి నవ్వేది. ఆమె చేతి పనిగా అదొక్కటే ఉంది, ఇక దాన్ని విప్పను. బుట్టల పని కూడా మానేశాను. పట్టీల సంచి రేపు ఎల్లేష్‌కు ఇచ్చేస్తాను.

ఎందుకు రావడం లేదని అడుగుతావు. మొన్నటి దాకా దాచాను, ఇప్పుడు రాస్తాను. నేను చూడడానికి వచ్చిన ఆ రోజు బావ నాతో ఏదో అంటున్నాడు, నోరు వంకరపోయి ఉంది కాబట్టి పెదవులు కూడా అర్థం కాలేదు. ఏమనాలో తెలియక నవ్వుతూ తలూపాను. ఆయన గ్లాసు తీసి నా మీదికి విసిరాడు. నువ్వు లోపల ఉన్నావు. కష్టంలో ఉన్న మనిషి ముందు పిచ్చివాడిలా నవ్వేవాణ్ని ఎవరు రానిస్తారు? లేచి వచ్చేశాను.

పోయినేడు రాఖీ కూడా పోస్టులో పంపావు. కదలలేనంటావు, ఒక పూట భవానిని కూర్చోబెట్టి రాలేవా అనిపిస్తుంది. చెవిటి అన్న ఇంటికి రావడం నామోషీ అయితే ఆ మాటే రాయి. రాసింది నాకు బాగానే తెలుస్తుంది.

పర్వతాలు

*

శామీర్‌పేట,
24 జూలై 2025

(ఈ ఉత్తరం పోస్టు చేయలేదు.)

అన్నా,

ఆ అడుగు వదినెది కాదు, నాది.

నీ పెళ్లయిన ఎండాకాలం నాకు పదిహేడేళ్లు. కొత్త కోడలికి ఏమి పనొచ్చో చూద్దామని అమ్మ వైరు తెప్పించి వదినె ముందు పెట్టింది. వదినెకు మొదలు రాలేదు. వేయడం, విప్పడం, కళ్లనీళ్లు పెట్టుకోవడం. ఒక మధ్యాహ్నం అమ్మ పడుకున్నప్పుడు నేను అడుగు మొత్తం అల్లి ఇచ్చాను. గోడ, పిడి అంతా వదినె అల్లింది. ఎవరికీ చెప్పవద్దని తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. నువ్వు బుట్ట తిరగేసి అడుగును పొగిడినప్పుడల్లా వదినె నా వైపు చూసి నవ్వేది. నువ్వు అది సిగ్గనుకున్నావు.

నువ్వు దాచుకున్నది నా పని, విప్పింది వదినె పని. ఈ మాట నీకు ఎట్లా రాయను?

నాది ఎడమ చెయ్యి కదా, నా ముడులు ఎడమకు వాలుతాయి. వదినెవి కుడికి. ఉన్నదున్నట్టు బొమ్మ గీస్తే నువ్వు అడుగుతో పోల్చి చూస్తావని, నాకు రాని కుడిచేతి వాటంలో గీశాను. అందుకే అయిదో బొమ్మ నాకే తెలియదు. మొదలు నేర్పితే నిజం బయటపడుతుంది. నేర్పకపోతే నువ్వు పట్టీల సంచి ఇచ్చేసి మళ్లీ గోడ చూస్తూ కూర్చుంటావు.

వైర్లు వేడినీళ్లలో వేయవద్దని రాయడం కూడా మరిచిపోయాను. ఈపాటికి వేసే ఉంటావు. వదినె వంచిన వంపులు కూడా పోయి ఉంటాయి.

దీన్ని కవరులో పెట్టి, మళ్లీ తీశాను. చక్కెర డబ్బా వెనక పెడుతున్నాను.

*

శామీర్‌పేట,
27 జూలై 2025

అన్నా, జంగమ్మ దండాలు.

ఆ గ్లాసు నీ మీదికి కాదు. మీ బావ రోజుకొకసారి దాన్ని విసురుతాడు. చెప్పాలనుకున్నది నోట్లోంచి రాకపోతే చేతికి దొరికింది పోతుంది. ఎక్కువసార్లు నా మీదికే. ఆ స్టీలు గ్లాసుకు ఇప్పుడు గుండ్రం ఎక్కడా లేదు. వచ్చి చూడు, అన్నీ సొట్టలే. ఆ రోజు నీతో ఏమి చెప్పాలనుకున్నాడో నాకూ తెలియదు. నువ్వు లేచిపోయాక గుమ్మం వైపు చూసి చాలాసేపు ఏడ్చాడు. నువ్వు బావను అట్లా చూడలేక రావడం లేదనుకున్నాను. ఏడాదిన్నర అట్లాగే అనుకున్నాను.

నామోషీ అనే మాట రాశావు. ఆ కాగితం చించేయాలని అనిపించింది. భవాని నెలలు నిండిన మనిషి, బావను లేపి కూర్చోబెట్టలేదు. ఆయన బరువు నేను తప్ప ఎవరూ ఎత్తడం లేదు. నాకు నడుము నొప్పని కూడా నీకు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఈ ఇంట్లో నా పేరు పెట్టి పిలిచే గొంతు లేదు అన్నా. నీ ఉత్తరం మీద జంగమ్మకు అని ఉంటుంది. దాని కోసమే పోస్ట్‌మ్యాన్ కోసం చూస్తాను.

ఆగస్టు తొమ్మిదిన రాఖీ, శనివారం. చెల్లె అన్న ఇంటికి పోవాలి, రివాజు అదే. ఈసారి నువ్వే రా. వచ్చేటప్పుడు ఆ అడుగు, పట్టీల సంచి తెచ్చుకో. మొదలు పక్కన కూర్చుని నేర్పుతాను. కాగితం మీద నేర్పే పని కాదది.

నీ చెల్లె,
జంగమ్మ

*

మేడ్చల్,
2 ఆగస్టు 2025

చెల్లె జంగమ్మకు,

పోస్టుకార్డులో ఇంతే పడుతుంది. రాఖీ కట్టించుకోవడానికి అన్నే చెల్లె ఇంటికి పోతున్నాడంటే మంది నవ్వుతారు. నవ్వితే నాకు వినబడదు కదా. శనివారం పొద్దున వస్తాను. నామోషీ అన్నందుకు తప్పయింది. సంచి ఇంకా ఎల్లేష్‌కు ఇవ్వలేదు.

పర్వతాలు

*

శామీర్‌పేట,
9 ఆగస్టు 2025

(నోటుబుక్కులోంచి చింపిన కాగితం. ఒకే మంచం పక్కన కూర్చుని ఇద్దరూ మార్చి మార్చి రాసింది.)

జంగమ్మ: రాఖీ అయింది, ఇగ తిను. తిన్నంక నేర్పుత.

పర్వతాలు: బావ నా కుడి చెయ్యి ఇడుస్తలేడు. గిది గూడ ఎడమ చేత్తోనే గీకుతున్న. ఎట్ల తినాలె?

జంగమ్మ: ఎడమ చేత్తోని తిను. నేను తింటలేనా?

పర్వతాలు: ఆయన ఏదో అంటున్నడు. నాకు సమజైతలేదు.

జంగమ్మ: నాకు గూడ సమజ్ కాదు. ఊకె తలూపకు. సమజైతలేదని చెయ్యి తిప్పి సూపియ్యి. గట్ల చేస్తె ఆయనకు కోపం రాదు.

పర్వతాలు: సూపిచ్చిన. ఆయన నవ్విండు.

జంగమ్మ: నవ్విండా? నేను అప్పుడు లోపటుంటి. ఇంకోసారి నవ్వితే పిలువు.

పర్వతాలు: ఇగ నేర్పు. మెల్లగ ఎయ్యి, చెయ్యి నా దిక్కు పెట్టి.

పర్వతాలు: జంగమ్మ, ఆగు. నువ్వు ఆరు ముడులు ఏసినవ్. పాత అడుగు పక్కన పెట్టి సూసిన. నీ ముడులు ఎడమకు వాలినయ్. అడుగుల గూడ ఎడమకే ఉన్నయ్. నేను ఇప్పిన వరుసలన్ని కుడికి ఉండె. గీ అడుగు ఎవరిది?

జంగమ్మ: చక్కెర డబ్బా ఎన్క ఒక ఉత్తరం ఉన్నది. నీకు రాసిందే. నేను ఇయ్యలేను, నువ్వే తీస్కో.

జంగమ్మ: చదివినవ్ గద. ఏదన్న రాయి అన్నా. తిట్టు. నాకు భయమైతాంది.

పర్వతాలు: ముప్పై ఏండ్లు మందికి నీ పని సూపెట్టి ఆమెను పొగిడిన.

జంగమ్మ: వదినె రోజు నవ్వుకునేది. మస్తు నవ్వుకునేది.

పర్వతాలు: ఆమె పని మొత్తం నేనే ఇప్పిన.

జంగమ్మ: అవును. గందుకే రాయలేకపోయిన. వైర్లు నీళ్లల్ల ఏసినవా?

పర్వతాలు: ఏ నీళ్లు?

జంగమ్మ: వేడినీళ్లు. సాపు జేస్తనని రాసినవ్ గద.

పర్వతాలు: మొదలే రాకపాయె, సాపు ఎందుకు జేస్త? ముప్పై రెండు సుట్టలు చీటీలతోని ట్రంకు పెట్టెల అట్లనే ఉన్నయ్. ఏ ముడి కాడ ఆమె వంచిందో ఆడ వంపు అట్లనే ఉన్నది. నువ్వు బొమ్మ సక్కగ గీసి ఉంటె ఈపాటికి అన్ని సాపయ్యేటివి.

జంగమ్మ: నాకు ఏడ్పొస్తాంది. కాగితం తడిసింది, మన్నించు.

పర్వతాలు: బావ నా ఒళ్లెకెళ్లి అడుగు గుంజుకున్నడు. ఎడమ చేత్తోని గట్టిగ పట్టుకోని నా దిక్కు సూస్తున్నడు. ఏందంటున్నడు?

జంగమ్మ: వల అల్లెటప్పుడు నేను గట్లనే పట్టుకుంటుంటి. ఒకరు పట్టాలె, ఒకరు అల్లాలె. అల్లుమంటున్నడు.

పర్వతాలు: వైరు తేలే గద. వచ్చే ఆదివారం తెస్తనని చెప్పు. నీ అడుగు మీదనే, ఆమె వంపుల ఎంబడి అల్లుత. పదకొండో వరుసల తప్పు ముడి గూడ అట్లనే ఏస్త.

జంగమ్మ: చెప్పిన. తలూపిండు. నీకు చెయ్యి తిరిగె, ఒక్కరోజుల అయిపోతది గదా. తర్వాత మల్ల ఎప్పుడొస్తవ్?

పర్వతాలు: ఒక్కరోజుల ఎందుకు అయితది? ముప్పై రెండు వరుసలున్నయ్. ఆదివారానికి ఒక్కటే వరుస ఏస్త.